జీర్ణాశయం చిన్నదయింది, జంతికల డబ్బా అలాగే ఉంది

స్థూలకాయానికి శస్త్రచికిత్స చేయించుకున్నవారు రెండు మూడేళ్ల తరువాత కొంత బరువు తిరిగి పెరిగితే మన సమాజం ఇచ్చే తీర్పు ఒక్కటే: "లక్షలు పోసి ఆపరేషన్ చేయించుకున్నా నోరు కట్టుకోలేకపోయింది." ఈ మాట ఇంట్లోవారు అంటారు, బంధువులు అంటారు, ఒక్కొక్కసారి శస్త్రచికిత్స చేసిన చోటనే అంటారు. దశాబ్దాల పాటు రోగులను చూసిన వైద్యునిగా నేను ఈ తీర్పును అంగీకరించను. ఇది అశాస్త్రీయం, అన్యాయం. అంతకుమించి నిష్ప్రయోజనం కూడా, ఎందుకంటే సిగ్గుపడిన మనిషి చాటుగా తింటాడు. చాటుగా తినే మనిషి వైద్యుని వద్దకు రావడం మానేస్తాడు.

బరువు తగ్గే శస్త్రచికిత్స తరువాత చిరుతిండి పెద్ద సమస్యే. ఆ విషయంలో నాకు భేదాభిప్రాయం లేదు. ఆ సమస్యను రోగి నాలుక మీదనే మోపి, వంటగదిని, విందుభోజనాన్ని, ఆసుపత్రిని నిర్దోషులుగా విడిచిపెట్టడం పైనే నా అభ్యంతరం.

శస్త్రచికిత్స చేసేది, చేయనిది

మన దేశంలో ఎక్కువగా చేసే పద్ధతులు రెండు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో సుమారు 75 నుంచి 80 శాతం తొలగించి, మిగిలిన భాగాన్ని అరటికాయ వంటి సన్నని గొట్టంగా ఉంచుతారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయపు పైభాగాన 30 మిల్లీలీటర్ల ప్రమాణం గల చిన్న సంచిని వేరుచేసి, దానిని నేరుగా చిన్నప్రేగుకు కలుపుతారు. ఈ చికిత్సలు కేవలం చోటును తగ్గించి ఊరుకోవు. ఆకలిని పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను అధికంగా తయారయ్యే భాగం స్లీవ్‌లో తొలగిపోతుంది. భోజనం తరువాత తృప్తిని కలిగించే జీఎల్‌పీ-1 వంటి హార్మోన్లు పెరుగుతాయి. అందుచేతనే మొదటి నెలలలో రోగికి ఆకలి వేయదు, రెండు ముద్దలకే కడుపు నిండుతుంది.

ఈ చికిత్సలకు నేను వ్యతిరేకిని కాను. స్వీడన్‌లో 1987లో మొదలైన 'స్వీడిష్ ఒబీస్ సబ్జెక్ట్స్' అధ్యయనం వేలమందిని ఏళ్ల తరబడి గమనించి, శస్త్రచికిత్స పొందినవారిలో మరణాలు తగ్గాయని నిరూపించింది. అదే అధ్యయనం 2007లో మరొక సత్యాన్నీ ప్రకటించింది. బైపాస్ చేయించుకున్నవారు మొదటి ఒకటి రెండు సంవత్సరాలలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం వద్ద నిలిచింది. 120 కిలోల మనిషి 82 కిలోలకు దిగి, పదేళ్లకు 90 కిలోలకు చేరినట్లన్న మాట. క్రమబద్ధంగా పర్యవేక్షించిన అధ్యయనంలోనే సగటు మనిషి ఎనిమిది కిలోలు తిరిగి పెరిగితే, మన పక్కింటి మనిషి నాలుగు కిలోలు పెరిగినందుకు "నోరు కట్టుకోలేదు" అనే అధికారం మనకెక్కడిది? కొంత బరువు తిరిగి రావడం ఈ చికిత్స స్వభావంలోనే ఉంది. అది ఎంతవరకు, ఎంత త్వరగా అన్నదే మనం పట్టించుకోవలసిన సంగతి.

ఇక చికిత్స చేయనిది ఏమిటి? అది నాలుకను మార్చదు. సాయంకాలం నాలుగు గంటలకు టీతోపాటు ఏదో ఒకటి నమలాలనే ముప్పై ఏళ్ల అలవాటును కోసివేయదు. విసుగును, ఒంటరితనాన్ని, అలసటను తిండితో తీర్చుకునే మనసును కుట్లు వేసి మూయదు. బంధువుల ఇంటి నుంచి వచ్చే సున్నుండల డబ్బాను ఆపదు.

అన్నం దిగదు, కారప్పూస దిగుతుంది

"రెండు ముద్దల అన్నం తినలేనంటుంది, గిన్నెడు కారప్పూస మాత్రం ఖాళీ చేస్తుంది. ఇదేం నాటకం?" ఇది రోగుల కుటుంబాలలో తరచుగా వినిపించే నింద. ఇందులో నాటకం ఏమీ లేదు. జరుగుతున్నది పూర్తిగా శరీరధర్మం.

కోడిమాంసం, గుడ్డు, పనీర్, శనగలు వంటి మాంసకృత్తులు గల గట్టి ఆహారం చిన్న జీర్ణాశయంలో కొంతసేపు నిలుస్తుంది. నిలిచి నిండిన భావన కలిగిస్తుంది. సరిగా నమలకపోతే గుండె వెనుక బరువుగా పట్టేస్తుంది, వాంతి కూడా కావచ్చు. కారప్పూస, జంతికలు, బూందీ, చిప్స్, బిస్కట్లు, మరమరాల వంటివి నోటి తడికే పొడిపొడిగా కరుగుతాయి. వాటితో పాటు టీయో నీళ్లో తాగితే మెత్తని గుజ్జుగా మారి, ఆగకుండా కిందికి జారిపోతాయి. ఆంగ్లంలో వీటిని 'స్లైడర్ ఫుడ్స్' అంటారు. 'జారుడు తిళ్లు' అని మనం చెప్పుకోవచ్చు. ఐస్‌క్రీమ్, చెరకురసం, పళ్లరసం, చక్కెర వేసిన పానీయాలు కూడా ఈ జాతివే. వీటికి నిండడం అనే అడ్డు ఉండదు.

నూనెలో వేయించిన కారపు చిరుతిళ్లు 100 గ్రాములలో సుమారు 500 కిలోకాలరీలు ఉంటాయి. శస్త్రచికిత్స తరువాతి కాలంలో రోజు మొత్తానికి వెయ్యి చిల్లర కిలోకాలరీలతో బతికే మనిషికి అది రోజులో సగం. గట్టి ఆహారం బాధపెడుతుంది, జారుడు తిండి హాయినిస్తుంది. ఏ మనిషి శరీరమైనా హాయి ఉన్న వైపే మొగ్గుతుంది. అలా రోగి మెల్లగా పప్పు, గుడ్డు, చేప మానేసి టీలో ముంచిన బిస్కట్ల మీద బతకడం మొదలుపెడతాడు. బరువు పెరుగుతుంది, అదే సమయంలో కండ కరుగుతుంది, రక్తహీనత వస్తుంది. లావుగా ఉన్న మనిషికి పోషకాహార లోపమా అని ఆశ్చర్యపోయేవారు ఈ క్రమాన్ని అర్థం చేసుకోవాలి.

తీపి సంగతి ఇంకా జటిలం. బైపాస్ అయినవారు లడ్డూ వంటిది తింటే, కొందరిలో పది నిమిషాల నుంచి అరగంట లోపల గుండెదడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు వస్తాయి. దీనిని డంపింగ్ అంటారు. మరికొందరిలో భోజనమైన ఒకటి నుంచి మూడు గంటలకు ఇన్సులిన్ అధికంగా స్రవించి రక్తంలో చక్కెర పడిపోతుంది. వణుకు, నీరసం, విపరీతమైన ఆకలి కలుగుతాయి. ఆ ఆకలికి ఇంట్లోవారు మళ్లీ తీపే ఇస్తారు. మూడు గంటలకు మళ్లీ అదే కథ. చక్కెర నిజంగా పడిపోయినప్పుడు వెంటనే కొద్దిగా గ్లూకోజ్ ఇవ్వవలసిందే, కాని ఆ వెనుకనే మాంసకృత్తులు గల ఆహారం ఇవ్వాలి, మాటిమాటికి ఇలా జరిగితే వైద్యుని కలవాలి. దీనిని "తీపి పిచ్చి" అని ముద్రవేయడం రోగనిర్ణయం కాదు, నింద.

మొదటి ముద్దాయి: ప్రకటన

రహదారి పక్కన పెద్ద బోర్డులు చూడండి. ఎడమవైపు లావుపాటి మనిషి, కుడివైపు సన్నని మనిషి, మధ్యలో ఒక బాణం గుర్తు. ఆ బాణం గుర్తులో పదేళ్ల జీవితం దాగి ఉందని ఆ బోర్డు చెప్పదు. ఆ బాణంలో రోజూ వేసుకోవలసిన విటమిన్ మాత్రలు ఉన్నాయి, ఏటేటా చేయించవలసిన రక్తపరీక్షలు ఉన్నాయి, ప్రతి సాయంత్రం చిరుతిండితో చేయవలసిన పోరు ఉంది. "ఒక్క ఆపరేషన్‌తో శాశ్వత విముక్తి" అన్న మాట నమ్మి వచ్చిన రోగి, రెండేళ్ల తరువాత ఆకలి తిరిగి వచ్చినప్పుడు తనలోనే ఏదో లోపం ఉందనుకుంటాడు. లోపం ఉన్నది ఆ వాగ్దానంలో.

డిశ్చార్జి నాడు చేతికిచ్చే ఆహారపట్టికల తీరు మరొకటి. నేను చూసిన వాటిలో చాలా ఆంగ్లంలోనే ఉన్నాయి. బ్రకోలీ, ఓట్స్, గ్రీక్ యోగర్ట్ ఉన్నాయి. పెసరట్టు లేదు, మజ్జిగ లేదు, గుగ్గిళ్లు లేవు. దసరాకు ఏం తినాలో, పెళ్లిభోజనంలో ఏం వదలాలో, అట్లతద్ది ఉపవాసం ఉండవచ్చునో లేదో అందులో ఉండదు. జంతికల ఊసే ఉండదు. రోగి ఇంట్లో ఉన్న తిండి గురించి మాట్లాడని పట్టిక ఆ రోగికి ఏం దారి చూపగలదు?

శస్త్రచికిత్సకు ఛార్జీ చెప్పేటప్పుడే కనీసం రెండేళ్ల పాటు పోషకాహార నిపుణుల, అవసరమైతే మనస్తత్వ నిపుణుల సేవను అందులో కలిపి చెప్పాలని నేను కోరుతున్నాను. కోసే చేతికి ఇచ్చిన విలువలో పదో వంతు వినే చెవికి ఇచ్చినా ఎంతో మార్పు వస్తుంది.

రెండవ ముద్దాయి: మర్యాద

మన ఇళ్లలో ప్రేమకు భాష తిండి. "ఒక్కటి తింటే ఏమవుతుందమ్మా", "నా చేత్తో చేశాను, కాదనకు", "పండగపూట వద్దనకూడదు" అనే మాటల వెనుక నిజమైన ఆప్యాయతే ఉంది. కాని సంక్రాంతికి ఇరవై ఇళ్లలో ఒక్కొక్క అరిసె తింటే ఇరవై అరిసెలవుతాయి. పెట్టిన ప్రతివారూ "నేను ఒక్కటే పెట్టాను" అని నిశ్చింతగా ఉంటారు. తిన్న మనిషి మాత్రం తిండిపోతు అవుతుంది. మధుమేహం ఉన్నవారికి పాయసం పెట్టకూడదని మన సమాజం ఇప్పుడిప్పుడే నేర్చుకుంది. జీర్ణాశయం కోయించుకున్నవారి పట్ల ఆ పాటి వివేకం ఇంకా రాలేదు.

ఇంతకంటే బాధాకరమైన సంగతి ఒకటి ఉంది. శస్త్రచికిత్స చేయించుకున్న గృహిణిని తలచుకోండి. భర్తకు సాయంత్రం పకోడీలు కావాలి, పిల్లల డబ్బాలోకి జంతికలు కావాలి, పండుగకు అత్తగారింటికి చేగోడీలు పంపాలి. ఇవన్నీ చేసేది ఆమే. పిండి కలిపేది, ఉప్పు చూసేది, సలసల కాగే మూకుడు ముందు రెండు గంటలు నిలబడేది ఆమే. అన్నీ వేయించి డబ్బాలో పోసిన తరువాత మూత పెట్టి, "నువ్వు మాత్రం ముట్టకు" అంటాం. మద్యం మానిన మనిషిని సారాదుకాణంలో కూర్చోబెట్టి గ్లాసులు నింపమంటామా? తెలంగాణలో సకినాలైనా, కోస్తాలో జంతికలైనా, రాయలసీమలో మురుకులైనా ఆ మూకుడు ముందు నిలబడేది సాధారణంగా స్త్రీయే. అందుకే చిరుతిండి మీద చర్చ వచ్చినప్పుడు ఆత్మనిగ్రహం గురించి ఉపన్యసించే ముందు ఇంట్లో ఎవరు ఎవరి కోసం వేయిస్తున్నారో అడగాలి.

మూడవ ముద్దాయి: 'ఆరోగ్యకరమైన' చిరుతిండి

ఇప్పుడు సంతలో కొత్త వేషాలు వచ్చాయి. చిరుధాన్యాల బిస్కట్లు, బెల్లం లడ్డూలు, కాల్చిన చిప్స్, ఖర్జూరపు బర్ఫీలు. బెల్లంలో ఉన్నదీ అధికభాగం చక్కెరే. డంపింగ్‌ను అది ఆపదు. రాగిపిండితో చేసినా బిస్కట్ బిస్కట్టే, టీలో ముంచితే జారిపోతుంది. నూనె తగ్గించి కాల్చిన చిప్స్‌లో పిండి అలాగే ఉంటుంది. వేరుశనగ మంచిదే, కాని వేయించిన పల్లీలు 100 గ్రాములలో 570 కిలోకాలరీల వరకు ఉంటాయి. గుప్పెడుతో ఆపగలిగినవారికే అవి మంచివి. పొట్లం ముందువైపు రాసిన విశేషణాలను పక్కన పెట్టి, వెనుకవైపు చిన్న అక్షరాలలో ఉన్న చక్కెర, కొవ్వు, మాంసకృత్తుల అంకెలను చదవండి. తినవలసిందీ లేనిదీ ఆ అంకెలే చెబుతాయి.

"మితంగా తింటే చాలు" అనే మంచిమాట

ఈ సలహా వినసొంపుగా ఉంటుంది. చాలామందికి, చాలా పదార్థాల విషయంలో అది సరైనదే. అయితే ప్రతి మనిషికీ కొన్ని పదార్థాలు ఉంటాయి. మొదటి ముక్క రెండవదాన్ని పిలుస్తుంది, రెండవది డబ్బాను ఖాళీ చేయిస్తుంది. వైద్యులు 'ట్రిగ్గర్ ఫుడ్స్' అనే వీటిని నేను 'రెచ్చగొట్టే తిళ్లు' అంటాను. ఒకరికి మిక్చర్, ఒకరికి చాక్లెట్, ఇంకొకరికి ఆవకాయ కలిపిన వేడి అన్నమే కావచ్చు. వాటి విషయంలో 'మితం' అనే సలహా పనిచేయదు. మొదటి ముక్కనే తినకపోవడం అయిదవ ముక్క దగ్గర ఆగడం కంటే సులభం.

మీ రెచ్చగొట్టే తిళ్లు ఏవో తెలుసుకోవడానికి రెండు వారాలు ఒక నోటుపుస్తకంలో రాయండి. ఏం తిన్నారు, ఎప్పుడు తిన్నారు, అప్పుడు ఆకలి ఉందా లేక విసుగు, కోపం, అలసట ఉన్నాయా, ఆపాలనుకున్నప్పుడు ఆపగలిగారా? చివరి ప్రశ్నకు 'లేదు' అన్న జవాబు ఏ పదార్థం పక్కన మళ్లీ మళ్లీ వస్తుందో అదే మీ శత్రువు. ఆ పదార్థం ఇంట్లో ఉండకూడదు. పై అరలో దాచడం, తాళం వేయడం ఎవరినీ కాపాడవు. కొనకపోవడమే మార్గం.

"ఒకరి కోసం పిల్లల నోరు కట్టాలా?" అని అడుగుతారు. పిల్లలు అప్పుడప్పుడు బయట తినవచ్చు, ఒక పూటకు సరిపడా తెచ్చుకుని అప్పుడే ముగించవచ్చు. కిలోలకొద్దీ నిల్వ చేయడమే ప్రమాదం. ఆ నిల్వ లేకపోతే పిల్లలకు కలిగే నష్టం ఏమీ లేదు, లాభమే ఉంది. స్థూలకాయం కుటుంబాలలో వస్తుందని మరువవద్దు.

"అయితే రోగికి బాధ్యతే లేదా?" అని మరికొందరు అడుగుతారు. ఉంది. మాత్రలు వేసుకోవడం, పరీక్షలకు రావడం, రాసి చూపించడం, దాచకుండా చెప్పడం, నడవడం, ఇవన్నీ రోగి బాధ్యతలే. కాని పొగతాగేవాడి చేత మాన్పించాలంటే ఇంట్లో సిగరెట్టు పెట్టెలు ఉంచం కదా. బాధ్యత రోగిదైనప్పుడు పరిసరాలు ఆ బాధ్యతకు అనుకూలంగా ఉండాలి. ఇక కొందరిలో తినడం మొదలైతే ఆగని స్థితి, తిన్న తరువాత తీవ్రమైన అపరాధభావం, రహస్యంగా తినడం కనిపిస్తాయి. అది చికిత్స ఉన్న వ్యాధి. శస్త్రచికిత్సకు ముందు ఉన్నా, తరువాత తిరిగి వచ్చినా మనస్తత్వ నిపుణుని సహాయం తీసుకోవాలి. ఇంట్లోవారి తిట్లు దానికి మందు కావు.

చేయవలసినవి

చిరుతిండి పూర్తిగా మానమని నేను అనడం లేదు. చిన్న జీర్ణాశయం గలవారు రోజుకు అయిదారు పర్యాయాలు కొద్దికొద్దిగా తినవలసి రావచ్చు. నియమిత ఉపాహారానికి సమయం, పళ్లెం, ముగింపు ఉంటాయి. పొద్దున్నుంచి రాత్రి దాకా అటూ ఇటూ తిరుగుతూ నోట్లో వేసుకునే దానికి ఇవేవీ ఉండవు. మొదటిది ఆహారం, రెండవది మేత. ఆ తేడా పాటిస్తే సగం పని అయినట్లే.

రోజుకు 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు అందాలి. కాబట్టి ఉపాహారం కూడా ఆ లెక్కలో చేరాలి. ఉడికించిన గుడ్డు ఒకటి 6 గ్రాములు ఇస్తుంది. బాగా ఉడికిన శనగల గుగ్గిళ్లు, తక్కువ నూనెతో చిన్న పెసరట్టు, గట్టి పెరుగు, పనీర్ ముక్కలు, ఉడికించిన చేప మన వంటగదిలో దొరికేవే. మొదటి వారాలలో ద్రవాహారం, తరువాత గుజ్జు, ఆపైన మెత్తని ఆహారం అనే క్రమాన్ని మీ వైద్యులు చెప్పిన మేరకు దాటి, ఆ తరువాతే గుగ్గిళ్ల వంటి గట్టివి తినాలి.

తినేటప్పుడు ద్రవాలు వద్దు. తిన్న తరువాత అరగంట ఆగి నీళ్లు, టీ తాగండి. టీ, జంతికల జంటను విడదీయడానికి ఇదే సులభమైన ఉపాయం. టీకి వేరే సమయం పెట్టుకోండి, టీతో ఏదీ తినకండి. సీరియల్ చూస్తూ, ఫోన్ చూస్తూ తినకండి. పెళ్లికి, ప్రయాణానికి వెళ్లేటప్పుడు మీ ఉపాహారం మీరే పట్టుకెళ్లండి. మద్యం ఈ శస్త్రచికిత్సల తరువాత, ముఖ్యంగా బైపాస్ తరువాత, త్వరగా రక్తంలో కలిసి ఎక్కువ మత్తునిస్తుంది. చిరుతిండి స్థానంలో మద్యం అలవాటైన వారూ ఉన్నారు, జాగ్రత్త.

బీ12, ఇనుము, కాల్షియం, విటమిన్ డి మాత్రలు జీవితాంతం అవసరమవుతాయి. బరువు నిలకడగా ఉందని మానవద్దు. వాంతులు రోజుల తరబడి ఆగకపోతే ఇంట్లో సరిపెట్టుకోకండి. థయామిన్ లోపం వల్ల మెదడు, నరాలు దెబ్బతినే ప్రమాదం ఉంది, అది అత్యవసర పరిస్థితి. మధుమేహపు మందులు వాడుతున్నవారు ఆహారం మార్చే ముందు మోతాదుల గురించి వైద్యుని అడగాలి.

ఇంట్లోవారికి నేను చెప్పేది క్లుప్తంగా ఇది. రోగి ఎదుట బరువు ప్రస్తావన తగ్గించండి. "తిన్నావా?" అని నిలదీసే బదులు "ఈ రోజు నీకేం వండమంటావు?" అని అడగండి. బంధువులు తెచ్చిన తీపిని గుమ్మం దగ్గరే పంచిపెట్టండి. మూకుడు ముందు నిలబడే వంతు ఇతరులు తీసుకోండి, లేదా ఆ మూకుడునే కొంతకాలం అటక మీద పెట్టండి. శస్త్రవైద్యుడు జీర్ణాశయాన్ని కోసి చిన్నది చేయగలడు, జంతికల డబ్బాను మాత్రం తీసివేయలేడు. ఆ డబ్బాను ఇంట్లోకి తెచ్చినవారే దానిని బయటకు పంపాలి.